వ్యాను మీద ద్రాక్షబుట్టలు

ఆ ఏడు ద్రాక్షకోతలు మొదలుకాకముందే మా నాన్న రంపం మాట్లాడుకొచ్చాడు. రంపమంటే రంపం ఒక్కటే కాదు, దాంతోపాటు నెమెసియో అనే మనిషి కూడా. ఈస్టర్ వెళ్ళిన సోమవారం వచ్చి మా తోటలో ద్రాక్ష పాకే మొల్యే చెట్లన్నీ కొట్టేసి పోవాలని ఒప్పందం.

మా లోయలో ద్రాక్షతీగ చెట్టెక్కుతుంది. మొల్యే చెట్టు మొదట్లో నాటితే చాలు, కొమ్మ కొమ్మా పట్టుకుని పైదాకా పాకుతుంది. మా తాతకి తాత నాటిన తీగలవి. నిచ్చెనలేసుకుని కోయాలి, నడుములు పడిపోతాయి, కానీ ఆ కాయకి మొల్యే ఆకు ఘాటు పడుతుంది. ఆ ఘాటు వైన్‌లోకి దిగుతుంది. చిక్కల్లా ఒక్కటే. అంతెత్తు చెట్టుకి వల కప్పడం ఎవరివల్లా కాదు, ఆ సంగతి చిలకలకి బాగా తెలుసు. ఎదురుగా ఎర్రరాతి కొండచరియలో పుల్లలతో గూళ్ళు కట్టుకుని, పొద్దున లేచింది మొదలు మా చెట్ల మీదే వాటి కాపురం.

"వైర్లు లాగుతా. నడుమెత్తున తీగ, దాని మీద వల. అప్పుడెలా తింటాయో నేనూ చూస్తా" అన్నాడు నాన్న.

"ఆ వైనూ ఈ వైనూ ఒకటేనా నాన్నా? ఆ ఘాటెక్కణ్ణించి వస్తుంది?"

"ఘాటు నీకు మిగుల్తోందే, రెమే. కాయలు నాకు పోతున్నాయి."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ చెట్ల మీదే ఊయలూగాను, ఆ చెట్ల మీదనుంచే పడి పన్ను విరగ్గొట్టుకున్నాను. అవి లేని ఇల్లు నా ఊహకి అందలేదు. కానీ మా నాన్న అనక్లేతోతో వాదించి గెలిచినవాళ్ళు మా లోయలో లేరు. మా అమ్మ తప్ప, ఆవిడకి ఆ విషయంలో ఇంకా ఏ పక్షమూ లేదు.

అలాంటి రోజుల్లో నా ఫోను మోగింది. నాకో పాత వ్యాను ఉంది. మా దగ్గరి పట్నం కమార్గో నుంచి చుట్టుపక్కల ఊళ్ళకి మనుషుల్ని, మూటల్ని, అప్పుడప్పుడు మేకల్ని తిప్పుతాను. మాట్లాడింది కొచబంబ నగరం నుంచి మతిల్దే అనే పెద్దావిడ, మా మర్యాదలో దోన్యా మతిల్దే.

"మాకు పక్షులూ చూడాలి, మా అక్కకి వైనూ తాగాలి. ఒక్కరోజులో రెండూ కుదుర్తాయా అమ్మాయ్?"

"కుదరకపోవడమేంటమ్మగారూ! మా ఊరున్నదే అందుకు" అన్నాను. అప్పటిదాకా అలాంటి ట్రిప్పు ఒక్కటీ వెయ్యలేదు.

పక్షులు చూసేవాళ్ళ సంఘం ఒకటుందట, ఆవిడ దాన్ని నడిపిస్తుందట. ఈ రోజు బాగా సాగితే ఏటా కోతల సీజన్లో గుంపులు గుంపులుగా తీసుకొస్తానంది. ఫోను పెట్టేసి వ్యాను చుట్టూ గంతులేశాను. తర్వాత ఇంట్లోకి పరిగెత్తి నాన్న ఎదుట నిలబడ్డాను.

"వాళ్ళు మన చెట్టు వైన్ మెచ్చుకుని మళ్ళీ వస్తామంటే చెట్లు ఉంచుతావా?"

నాన్న టోపీ తీసి దుమ్ము దులుపుకున్నాడు. మొక్కజొన్నలు ఉడకేస్తున్న అమ్మ వెనక్కి తిరక్కుండానే అంది, "ఏదో ఒకటి చెప్పవయ్యా, పిల్ల ఊపిరి బిగబట్టుకు నించుంది."

"చూద్దాం" అన్నాడు నాన్న. అది ఆయన నోట్లోంచి వస్తే సగం గెలిచినట్టే.

వాళ్ళొచ్చిన రోజు చీకటితోనే కమార్గోలో అక్కచెల్లెళ్ళిద్దర్నీ ఎక్కించుకున్నాను. ఇద్దరికీ అరవై దాటి ఉంటాయి. అక్క దోన్యా ఒలింపియా పొడుగ్గా, పెదాలకి ఎర్రరంగుతో, మెడలో పట్టు రుమాలుతో వచ్చింది. చెల్లెలు మతిల్దే పొట్టి. మెడలో బైనాక్యులర్, కాళ్ళకి మగవాళ్ళ బూట్లు. బండి కదలకముందే మొదలెట్టారు.

"మొదట వైన్" అంది అక్క.

"తెల్లారకుండా వైనేంటే అక్కా, నలుగురూ వింటే నవ్వుతారు."

"తెల్లారకుండా పిట్టలేంటి మరి? అవీ నిద్రలేవద్దూ?"

"లేస్తాయి. నీలా పదింటిదాకా పడుకోవు."

నేను నవ్వు ఆపుకోలేక గేరు మార్చాను. నా లెక్క నాకుంది. ముందు పైన కనుమ దగ్గర కాండోర్లని, అదే కొండ రాబందుల్ని, చూపించాలి, మధ్యాహ్నం మా తోటలో వైన్, సాయంత్రం ఎర్ర కొండచరియ చూపించి మళ్ళీ కమార్గోలో దింపేయాలి. పక్షులంటే కాండోరే కదా! రెక్క విప్పితే మా వంటింటంత ఉంటుంది. అంతకంటే ఎవరికేం కావాలి?

కనుమ మీద చలి కొరికేస్తోంది. బండరాళ్ళ మీద తోకలు చాపుకుని విస్కాచాలు ఎండ కాచుకుంటున్నాయి. కుందేళ్ళలాంటివే, ముసలివాళ్ళలా కళ్ళు సగం మూసుకుని. "అయ్యో, దాని మీసాలు చూడవే!" అని ఒలింపియా వాటికేసి చెయ్యి ఊపింది. అంతలో మతిల్దే నా మోచెయ్యి పట్టుకుని నొక్కింది. నేను పైకి చూస్తున్నాను, ఆవిడ కిందికి చూస్తోంది. మా కాళ్ళ కింద లోయలోంచి కాండోర్ లేస్తోంది. దాని వీపు, ఆ వీపు మీద తెల్లటి పట్టా, మెడ చుట్టూ తెల్ల కాలరూ, అన్నీ పైనుంచి కనిపించాయి. ఒక్కసారి కూడా రెక్క ఆడించకుండా అలా పైకొచ్చి, మా తలల మీదుగా వెళ్తుంటే ఈకల్లో గాలి కోసుకున్న చప్పుడు వినిపించింది. వందసార్లు చూసినదాన్ని, నేనే తల వంచేశాను. ఒలింపియా రుమాలు ఎగిరిపోయి ముళ్ళకంపకి చిక్కుకున్నా ఆవిడకి పట్టలేదు.

"ఇక మీకు దక్కాల్సింది దక్కేసింది కదమ్మగారూ!" అన్నాను ఉత్సాహంగా.

మతిల్దే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఎంత బావుందో తల్లీ! కానీ కాండోర్లు మాకు కొచబంబ పైనా ఉన్నాయి. నేనొచ్చింది మీ చిలకల కోసం."

"ఏ చిలకలండీ?"

"రాతిగోడల్లో గూళ్ళు కడతాయే, అవే. ఈ దేశంలో తప్ప ఇంకెక్కడా లేవు. మీ లోయలో ద్రాక్షపళ్ళు తింటాయని విన్నాను. చెట్టు మీద ద్రాక్ష, ద్రాక్ష మీద చిలక. అది చూడాలని ఎన్నేళ్ళుగానో ప్రాణం పీక్కుపోతోంది."

ఆ దొంగముఖాలని చూడ్డానికి డబ్బిచ్చి ఎవరైనా వస్తారా? వచ్చినా మంచిదేగా, చెట్టుకి ఇరవై ఉంటాయి మా తోటలో, కావలసినన్ని చూసుకోవచ్చు అనుకుని హుషారుగా బండి కిందికి దించాను. మలుపు మలుపుకీ హారన్ కొడుతూ, పాడుకుంటూ దిగాను.

తోట గుమ్మంలో మా నాన్న ఉతికిన చొక్కా వేసుకుని, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నడుముకి వడిసెల మాత్రం ఎప్పటిలాగే చుట్టుకునే ఉన్నాడు, అది లేనిదే ఆయనకి ప్యాంటు నిలవదని అమ్మ వేళాకోళం చేస్తుంది. చెట్ల కొమ్మలకి కొత్తగా రేకుడబ్బాలు వేలాడుతున్నాయి. నేలంతా కాలిపోయిన తారాజువ్వల పుల్లలు.

"రండి రండి దోన్యా! హాయిగా కూర్చోండి" అన్నాడు నాన్న గర్వంగా. "మీరొస్తున్నారని నిన్న పొద్దుట్నుంచీ ఒకటే పని. ఒక్క చిలక ఉంటే ఒట్టు! ఊళ్ళో ఉన్న జువ్వలన్నీ తెచ్చి కాల్చిపారేశా. మీ నెత్తిన రెట్ట పడితే మా పరువేం కాను?"

మతిల్దే బైనాక్యులర్ ఎత్తబోయిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చెట్లన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి.

"నాన్నా," అన్నాను గొంతు తగ్గించి, "వాళ్ళొచ్చిందే చిలకల కోసం."

"ఏ చిలకలు?"

"మన చిలకలే!"

నాన్న నన్ను చూశాడు, ఆవిణ్ణి చూశాడు, డబ్బాల్ని చూశాడు. పరిహాసమాడుతున్నామనుకున్నాడు ముందు. కాదని తెలిశాక ఆయన మొహం చూడలేకపోయాను. టోపీ నెత్తిన పెట్టుకుని మళ్ళీ తీశాడు.

"ఎవరు ఇంటికొచ్చినా పురుగూ పుట్రా లేకుండా చిమ్మి ఉంచుతాం కదా దోన్యా" అన్నాడు చివరికి. "అలాగే అనుకున్నా."

"అనుకుంటారు, ఎందుకనుకోరు" అంది మతిల్దే. గొంతు మెత్తగానే ఉంది, కానీ బైనాక్యులర్ తీసి సంచిలో పెట్టేసింది. నా సీజన్లు, నా గుంపులు, నా చెట్లు, అన్నీ ఆ సంచిలోకి వెళ్ళిపోయినట్టు అనిపించింది.

అమ్మ మాత్రం ఇలాంటివాటికి బెదరదు. బల్ల మీద కారం కోడికూర, ఉడికిన మొక్కజొన్నలు, మేకజున్ను పరిచి, కూజాలో చెట్టు వైన్ తెచ్చిపెట్టింది. ఒలింపియా గ్లాసు అందుకుని వెలుగులో తిప్పి చూసింది, వాసన చూసింది, ఒక్క గుటక నోట్లో పోసుకుని పుక్కిలించింది. తర్వాత ఉమ్మడానికి అటూ ఇటూ చూసింది. నగరంలో వైన్ రుచి చూడ్డం నేర్పే క్లాసులకి వెళ్ళిందట, అక్కడంతా ఉమ్మేయడమేనట.

అమ్మ చేతులు నడుం మీదికి వెళ్ళాయి.

"మా ఇంట్లో వైన్ ఉమ్మినవాళ్ళు ఇద్దరే ఇద్దరు" అంది. "ఒకడికి పంటినొప్పి. ఇంకొకడు ఎన్నికల్లో ఓడిపోయాడు."

ఒలింపియా గుటుక్కున మింగేసింది. మింగి ఒక్క క్షణం ఆగి, కళ్ళు పెద్దవి చేసుకుంది. "ఏమే మతిల్దే, ఇందులో ఏదో ఉందే! మిరియమా? అడవి వాసనా? నాలుక చివర్న గిల్లుతోంది."

"మొల్యే" అన్నాం నేనూ నాన్నా ఒకేసారి.

అప్పుడిక గ్లాసు తిరిగింది. మా దగ్గర బల్లకి ఒక్కటే గ్లాసు. తాగేవాళ్ళు "మీతో" అని ఒకరి పేరు చెప్పి తాగాలి, మళ్ళీ నింపి వాళ్ళకివ్వాలి, వాళ్ళు ఇంకొకరికి. "మీతో" అంటే వద్దనడానికి లేదు. బండి నడిపేవాళ్ళ వైపు మాత్రం గ్లాసు రాకూడదని అమ్మ శాసనం, అందుకని నాకు మొక్కజొన్నలే దక్కాయి.

"నాకెవరి మీదైనా కోపముంటే?" అడిగింది ఒలింపియా ఆసక్తిగా.

"ఉంటే గ్లాసివ్వకండి" అన్నాడు నాన్న. "ఒకసారి 'మీతో' అని తాగాక, ఇక వాళ్ళు మన చుట్టాలే. మళ్ళీ కోతలదాకా వాళ్ళ మీద చెయ్యెత్తకూడదు, నోరెత్తకూడదు. అందుకే మా పక్కతోటవాడి పెళ్ళికి నేను వెళ్ళలేదు. వెళ్తే గ్లాసు ఇచ్చి చస్తాడని."

అంతా నవ్వారు, మతిల్దే కూడా. కానీ ఆవిడ చూపు చెట్ల మీదికే పోతోంది.

"కొండచరియ దగ్గరికి వెళ్దాం అమ్మగారూ" అన్నాను లేచి. "గూళ్ళు అక్కడే ఉన్నాయి. సాయంత్రానికి ఇళ్ళకి చేరకపోతాయా?"

"నేనూ వస్తా" అన్నాడు నాన్న.

బయటికి వచ్చి చూద్దును కదా, నా వ్యాను నెత్తి మీద ద్రాక్షబుట్టలు! తోటలోకెల్లా పాత చెట్టు కాయలు, పొద్దున కోసినవి, నిండుగా, తాళ్ళతో కట్టి. మా ద్రాక్ష తొక్కే తొట్టి నిండిపోయింది కాబట్టి అవి దారిలో మేనత్త ఇంటి తొట్టికి వెళ్ళాలట. మా లోయలో ఏ బండీ ఖాళీ నెత్తితో కదలడం ఎవరూ చూడలేరు.

"చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళ బండి మీద బుట్టలా నాన్నా! ఇప్పుడే దొరికిందా నీకు?"

"ఎలాగూ అటే వెళ్తున్నావుగా."

వాదించే ఓపిక లేదు. మేనత్త ఇంటి దగ్గర ఆగితే వెలుగు పోతుందని ఒలింపియా తొందరపెట్టింది, బుట్టలు తిరిగొచ్చేటప్పుడు దింపుదామనుకుని నేరుగా చరియ కిందికి పోనిచ్చాను. ఒలింపియా ఒళ్ళో కూజా, చేతిలో గ్లాసు. అమ్మ వద్దన్నా వినకుండా తెచ్చుకుంది.

చరియ ఎర్రగా నిప్పులా ఉంది. పగుళ్ళలో పుల్లల గూళ్ళు, పెద్ద పెద్దవి, ఒకదాని పక్కన ఒకటి. ఒక్కదాంట్లోనూ అలికిడి లేదు. మతిల్దే దిగి చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి సీట్లో కూర్చుంది. "పోన్లే తల్లీ, గూళ్ళు చూశాగా" అంది నాతో. ఆ ఓదార్పు నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది. నాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ వడిసెల కొస చేత్తో నలుపుతున్నాడు. నేను తాళంచెవి తిప్పబోయాను.

సరిగ్గా అప్పుడు లోయ అవతలినుంచి గోల వినిపించింది. వంద గొంతులు ఒక్కసారి పోట్లాడుకుంటున్నట్టు. ఆకుపచ్చటి గుంపు మలుపు తిరిగి వచ్చింది, చరియకేసి వెళ్ళింది, వెళ్ళిందల్లా గాల్లోనే గిరుక్కున వెనక్కి తిరిగింది.

టపటపా టపటపా నెత్తిన మోత.

"వడగళ్ళు!" అని అరిచాడు నాన్న. ద్రాక్ష రైతుకి ముందు వచ్చే భయం అదే. కానీ ఆకాశం నీలంగా ఉంది. వ్యాను రేకు మీద గోళ్ళ చప్పుడు, రెక్కల చప్పుడు, కీచుకీచు గోల. కిటికీ పైఅంచు నుంచి తలకిందులుగా ఒక మొహం దిగింది. బూడిదరంగు నుదురు, తెల్లటి రొమ్ము, నోట్లో మా ద్రాక్షపండు. అద్దానికి ఇవతల మతిల్దే ముక్కు, అవతల దాని ముక్కు.

"కదలకండి! ఎవరూ కదలకండి!" అంది ఆవిడ గుసగుసగా. బైనాక్యులర్ అక్కర్లేదసలు. ఎడంకాలితో పండు పట్టుకుని, చీల్చి, గింజలు తిని, తోలు పారేస్తోంది చిలక. ఇంకోటి వచ్చి దాన్ని తోసింది. ముందు అద్దం మీద ద్రాక్షరసం ధారలు కట్టింది. నాకు నవ్వో ఏడుపో తెలియట్లేదు, స్టీరింగు గట్టిగా పట్టుకున్నాను. మతిల్దే చెంపల మీద నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవట్లేదు. ఒలింపియా చెల్లెలి భుజం పట్టుకుని, "చూశావా, చూశావా" అని చిన్నపిల్లలా ఊపేస్తోంది.

"అవి పాత చెట్టు కాయలు" అన్నాడు నాన్న.

వెనక్కి తిరిగి చూశాను. వడిసెల నడుమునుంచి ఊడి కుడిచేతిలోకి వచ్చేసింది. ఎడంచెయ్యి తలుపు పిడి మీద ఉంది. మొహం కందగడ్డలా ఉంది. ముప్ఫై ఏళ్ళ అలవాటు, ఆయన చేతిలో ఏముంది పాపం. తలుపు జరిగిందా, అన్నీ లేచిపోతాయి. నాన్నా వద్దు అని సైగ చేశాను, ఆయన నావైపు చూడలేదు.

ఒలింపియా ఆయన్ని చూసింది. తొణక్కుండా గ్లాసు నింపింది.

"మీతో, దోన్ అనక్లేతో" అని గడగడా తాగేసి, మళ్ళీ నింపి ఆయన ముందుకు చాపింది.

నాన్నకి ఉన్నవి రెండే చేతులు. గ్లాసుని చూశాడు. పైన ఒక బుట్ట పక్కకి ఒరిగిన చప్పుడైంది, ఆయన దవడ బిగుసుకుంది. గ్లాసు అలాగే ఆయన మొహం ముందు నిలబడి ఉంది. వడిసెల సీటు మీద పెట్టి అందుకున్నాడు. తాగాడు. ఎంత నెమ్మదిగా తాగాడంటే, ఈ ఘాటు ఇదే మొదటిసారి చూస్తున్నాడేమో అనిపించింది.

ఇప్పుడాయన ఎవరికో ఒకరికి ఇవ్వాలి. మతిల్దే కిటికీకి అతుక్కుపోయింది. నాకు ఇవ్వకూడదు. ఒలింపియా ఇప్పుడే తాగింది. నాన్న కూజా అందుకుని గ్లాసు నింపాడు, కిటికీ అద్దం బెత్తెడు దించి, గ్లాసున్న చెయ్యి బయటికి పెట్టి పైకెత్తాడు.

"మీతో" అన్నాడు, "దొంగ సన్నాసుల్లారా."

తలకిందులు చిలక గ్లాసుకేసి ఒక కన్నుతో చూసింది. తర్వాత నోట్లో ఉన్న ద్రాక్షతోలు టప్పున అందులో ఉమ్మింది.

ఒలింపియా నవ్వి నవ్వి కూజా ఒలకబోసుకుంది. "మీ ఆవిడతో చెప్పండి, మూడోవాళ్ళు దొరికారని!"

అమ్మతో నేనే చెప్పాను, ఇంటికి వెళ్ళగానే, వగరుస్తూ, మొదట్నుంచి చివరిదాకా. బుట్టల్లో అడుగున కాసిని కాయలే మిగిలాయి. అమ్మ వాటికేసి చూసి, నాన్నకేసి చూసి, ఆయనకి కూర వడ్డించింది. బండెక్కేముందు మతిల్దే మా నాన్న రెండు చేతులూ పట్టుకుని, వచ్చే మార్చిలో పదిమందితో వస్తానంది. నాన్న "చూద్దాం" అని కూడా అనలేదు. తలూపాడంతే.

చెట్ల సంగతి ఆయన ఎత్తలేదు, భయంతో నేనూ ఎత్తలేదు. మర్నాడు కొమ్మలకున్న రేకుడబ్బాలు మాత్రం కనపడలేదు. అమ్మ వాటిల్లో కొత్తిమీర వేసింది.

ఈస్టర్ వెళ్ళిన సోమవారం నెమెసియో చెప్పిన మాట ప్రకారం రంపం భుజానేసుకుని వచ్చేశాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. నాన్న పాత చెట్టు మీద నిచ్చెన చివర్న ఉన్నాడు, చివరి కాయలు కోస్తున్నాడు. ఆయన తలకి మూరెడు దూరంలో నాలుగు చిలకలు ఆయనకంటే వేగంగా కోసుకుంటున్నాయి.

"ఎక్కణ్ణించి మొదలెట్టమంటావు అనక్లేతో?" అని అరిచాడు నెమెసియో.

నాన్న కిందికి చూశాడు.

"రంపం తీసుకుని ఇంటికి పో" అన్నాడు. "కనపట్టల్లేదా? చుట్టాలు భోంచేస్తున్నారు."